స్టీర్, హెఫర్, వీల్: వీటిని ఎలా అర్థం చేసుకోవాలి?

గడ్డిమోపు:
మాంసం కోసం పశువుల్ని పెంచడం మీద ఒక ఇంగ్లీషు మాన్యువల్ చదువుతున్నా. స్టీర్ అంటే ఎద్దేనా? వీల్ అనేది జాతా, వయసా? బ్యాక్‌గ్రౌండింగ్‌కీ ఫినిషింగ్‌కీ తేడా ఏమిటి? 600 కిలోల పశువుకి 370 కిలోలే లెక్కేశారు, మిగతాదెటు పోయింది?

నెమరు:
కోడెకి చిన్నప్పుడే విత్తులు తీయించి మాంసానికి పెంచితే స్టీర్. దుక్కి ఎద్దుకి ఆక్స్ అని వేరే మాట ఉంది. స్టీర్‌ని ఉత్త ‘ఎద్దు’ అని రాసేస్తే చదివేవాళ్లకి నాగలే గుర్తొస్తుంది. విత్తులు తీయనిది బుల్. పెయ్య తొలిసారి ఈనేదాకా హెఫర్, ఆ తర్వాత కౌ.

ఫ్రీమార్టిన్ అన్న మాట కూడా తగులుతుంది. కోడెదూడకి కవలగా పుట్టిన పెయ్య అది. గర్భంలో రెండిటి రక్తం కలిసిపోవడం వల్ల నూటికి 90కి పైగా గొడ్డువే అవుతాయి. ఈతకి ఉంచుకుంటే మేత దండగ.

దాణాతొట్టి:
దూడకి 6–8 నెలలప్పుడు తల్లిపాలు మాన్పించడం వీనింగ్. తర్వాత గడ్డి, చొప్ప ఎక్కువగా పెట్టి ఎముక, కండ పెరగనివ్వడం బ్యాక్‌గ్రౌండింగ్. చివర్లో గింజల దాణాతో కొవ్వు పట్టించడం ఫినిషింగ్.

చేతులు కాలేది ఈ రెండిటి మధ్యే. గడ్డి మీదున్న పశువుకి ఒక్కసారిగా గింజలు పోస్తే పొట్టలో పిండిపదార్థం వేగంగా పులిసి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. దాన్నే అసిడోసిస్ అంటారు. మేత మానేస్తుంది, పేడ పల్చబడుతుంది, ముదిరితే గిట్టలు దెబ్బతింటాయి, కాలేయంలో చీము గడ్డలు కడతాయి. అందుకే దాణాలో గింజల వాటా మూడు వారాల్లో మెట్లు మెట్లుగా పెంచుతారు. తొట్టి ఖాళీ అయ్యాక ఆకలిమీద ఒక్కసారి ఎగబడినా ఇదే గొడవ, కాబట్టి దాణా వేళ తప్పకూడదు.

370 సంగతి: తల, తోలు, కాళ్లు, పేగులు, పొట్టలోని మేత తీసేశాక మిగిలే మొండెం బరువది. 370ని 600తో భాగిస్తే దాదాపు 62 శాతం, దాన్నే డ్రెస్సింగ్ పర్సెంటేజ్ అంటారు. కడుపునిండా మేసిన పశువుని తూస్తే ఈ శాతం పడిపోతుంది. ఎముక, అదనపు కొవ్వు కోసేస్తే అమ్మే మాంసం ఇంకా తగ్గుతుంది.

ముర్రుపాలు:
వీల్ జాతి కాదు, లేతదూడ మాంసం. ఎక్కువగా పాడి జాతుల మగదూడలవి. వయసు హద్దు దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 8 నెలల లోపు. 8 నుంచి 12 నెలల వాటికి వేరే వర్గం. పాలపొడి మీదే పెంచితే ఇనుము తక్కువై మాంసం పాలిపోతుంది, మరీ తగ్గితే దూడకి రక్తహీనతే. అక్కడి నిబంధన ప్రకారం రెండు వారాలు దాటిన దూడకి రోజూ పీచు మేత పెట్టాలి, 8 నుంచి 20 వారాల వయసు మధ్య దాన్ని రోజుకి కనీసం 50 గ్రాముల నుంచి 250 గ్రాములకి పెంచాలి.

గడ్డిమోపు:
మరి బాబ్ వీల్?

ముర్రుపాలు:
పుట్టిన కొద్ది రోజుల నుంచి మూడు వారాల లోపు కోసేది. పాలపొడితో నెలల తరబడి మేపిన దాంతో కలిపి లెక్కేయకండి.