సేంద్రియమా, సేంద్రీయమా?

చదువరి: ఎప్పుడో ఒక విజ్ఞాన వ్యాసంలో చదివిన వాక్యం సగమే గుర్తుంది: "...సేంద్రియ కాలుష్యకాలు నీటిలో కరగవు, కొవ్వులో దాగుతాయి." ఇంగ్లీషులో పర్సిస్టెంట్ ఆర్గానిక్ పొల్యూటెంట్స్ అంటారే, అవే ఇవి. ఆ 'పర్సిస్టెంట్'కు వాడిన మొదటి మాట 'చిరస్థాయి'యో 'దీర్ఘకాలిక'మో తేలడం లేదు. పైగా అక్కడ ఉన్నది 'సేంద్రీయ' అని మా మిత్రుడి పట్టు.

గుణసంధి: స, ఇంద్రియ కలిస్తే సేంద్రియమే. గుడి చాలు, గుడిదీర్ఘం వద్దు. 'జాతీయ', 'భారతీయ' రాసి రాసి, చెయ్యి అలవాటుగా ఇక్కడా దీర్ఘం తీస్తోంది.

నీలిసంద్రం: దీర్ఘం సంగతి అటుంచండి, అసలు ఆ మాటే పొసగదు. ఏ ఇంద్రియమూ లేని పురుగుమందు డీడీటీ సేంద్రియమెలా అవుతుంది? పాఠకుడికి ఎరువు గుర్తుకొస్తుంది. ఈ కాలుష్యకాల కట్టడికి 2001లో స్టాక్‌హోమ్‌లో కుదిరిన ఒప్పందపు తొలి జాబితాలోని 12 పదార్థాలూ క్లోరిన్ చేరిన కర్బన సమ్మేళనాలే కనుక 'కర్బన' అనడమే న్యాయం.

గుణసంధి: కర్బనం మాత్రం ఏమిటండీ, కార్బన్‌కు కట్టిన సంస్కృత వేషమే కదా!

పదహేల: మొదటి మాటగా నా ఓటు 'మొండి'కి. మొండి బకాయిలని అంటున్నాం కదా, ఇవీ అటువంటివే. చిన్న చేపను పెద్ద చేప తిన్నకొద్దీ అసలు మీద వడ్డీలా పేరుకుంటూ పోయి, చివరికి తిమింగలం పాలతో పాటు బిడ్డకు సంక్రమిస్తాయి. అందులోనూ తొలిచూలు పిల్లకే ఎక్కువ వాటా. 2016లో స్కాట్లండ్‌లోని టైరీ దీవి ఒడ్డున చనిపోయి కనిపించిన లులు అనే ఓర్కా (కిల్లర్ వేల్) కొవ్వులో కిలోకు 957 మిల్లీగ్రాముల పీసీబీలు (ఆ జాబితాలోవే, ఒకప్పుడు విద్యుత్ పరికరాల్లో వాడిన రసాయనాలు) ఉన్నాయి. ఈడు వచ్చినా అది ఒక్కసారి కూడా ఈనలేదు.

నీలిసంద్రం: 'గరళం' అంటే ఇంకా బాగుంటుంది. శివుడు గొంతులో నిలిపినట్టే తిమింగలం చర్మం కింది కొవ్వులో నిలుపుకుంటుంది.

గుణసంధి: ఆ ఘట్టంలో పోతన వాడిన క్రియ 'మ్రింగు' అని మరువకండి. పైగా శివుడి కంఠంలోనిది అక్కడే ఆగింది. ఆకలికి కొవ్వు కరిగిననాడు తిమింగలం దాచుకున్నది మళ్లీ నెత్తురులోకి దిగుతుంది. పోలిక సగమే నిలుస్తుంది. ఇక 'మొండి సేంద్రియ' అంటే తెలుగు మాటను సంస్కృత మాటతో అతికిన వైరిసమాసమని కొందరు లేస్తారు.

పదహేల: లేవనివ్వండి, 'మొండి' విశేషణంగా విడిగానే ఉంటుంది.

చదువరి: గుడిదీర్ఘం తీసేశాను, మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. మొదటి మాట చోటు మాత్రం ఖాళీగానే ఉంచాను.