పిల్లల ఉమ్మిలో ఫాస్ఫేట్: శాంపిల్ ఎలా తీయాలి, ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలి?

కోనసీమ_పోషణ:
అమలాపురం చుట్టుపక్కల స్కూళ్లలో 10–12 ఏళ్ల పిల్లల ఎత్తు, బరువు, నడుము కొలవబోతున్నాం. ఊబకాయంతో సంబంధం ఉందంటున్నారు కాబట్టి, పనిలో పనిగా ఉమ్మిలో ఫాస్ఫేట్ కూడా చూద్దామని ఉంది. సూది గుచ్చక్కర్లేదు కాబట్టి పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. రక్తపరీక్షకి వాడే సీరమ్ ఫాస్ఫరస్ కిట్ దీనికి పనికొస్తుందా? ఎక్కువ వచ్చిన పిల్లల ఇంట్లో ఏమని చెప్పాలండీ?

కాకినాడ_బయోకెమ్:
కిట్ పనికొస్తుందండీ, మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి 340 నానోమీటర్ల కాంతిలో చదివే పద్ధతే. కాకపోతే ఉమ్మిలో ఫాస్ఫేట్ రక్తంలోకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. 100 మైక్రోలీటర్ల ఉమ్మికి 400 మైక్రోలీటర్ల నార్మల్ సెలైన్ కలిపి, వచ్చిన అంకెను 5తో గుణించండి. పొరపాటున ఫాస్ఫేట్ బఫర్ సెలైన్ కలిపితే ఆ సీసాలో ఫాస్ఫేట్‌ని కొలిచినట్టే.

తేడాలన్నీ శాంపిల్ తీసేచోటే వస్తాయి. పిల్లలందరికీ ఒకే వేళ, ఉదయం 9–10 మధ్య పెట్టుకోండి. గంట ముందునుంచి తిండి, కూల్‌డ్రింకు, పళ్లు తోమడం వద్దు. కొన్ని పేస్టుల్లో కాల్షియం ఫాస్ఫేటే ఉంటుంది. మంచినీళ్లతో పుక్కిలించి 10 నిమిషాలు ఆగాలి. తర్వాత తల వంచి, ఊరిన ఉమ్మి దానంతటదే ట్యూబులోకి జారేలా 5 నిమిషాలు. చప్పరించకూడదు, నమలకూడదు. ఆ గదిలో చింతకాయ మాట కూడా ఎత్తకండి: నోరూరితే ఉమ్మి పెరిగి ఫాస్ఫేట్ గాఢత పడిపోతుంది. అందుకే నిమిషానికి ఎన్ని మి.లీ. వచ్చిందో పక్కనే రాయాలి.

ట్యూబులు కొత్తవే వాడండి. సబ్బుపొడితో కడిగినవాటికి ఫాస్ఫేట్ అంటుకుని ఉండొచ్చు. చిగుళ్ల రక్తం కలిసి ఎర్రగా ఉంటే పారేయండి. ఐసులో పెట్టి తెచ్చి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన నీటినే వాడాలి. ఆలస్యమైతే బ్యాక్టీరియా సేంద్రియ ఫాస్ఫేట్‌ని విడగొట్టి అంకె పెంచేస్తుంది.

పిల్లల_వైద్యం:
ఇంటికి మాత్రం ఆ అంకె పంపకండి, దయచేసి. అమెరికాలోని ఫోర్సిత్ సంస్థ పరిశోధకులు పాల్గొన్న 2013 అధ్యయనంలో ఊబకాయం ఉన్న పిల్లల ఉమ్మిలో ఫాస్ఫేట్ ఎక్కువ కనిపించింది, నిజమే. కానీ ఏది కారణమో, ఏది ఫలితమో దాంతో తేలదు. ఇంత దాటితే జబ్బు అనే గీత కూడా లేదు. ఇంట్లో చెప్పడానికి ఐఏపీ (భారత పిల్లల వైద్యుల సంఘం) 2015 బీఎంఐ చార్టు చాలు. నడుము ఎత్తులో సగం దాటిందా చూడండి. 140 సెం.మీ. పిల్లాడికి 70.

ఇంకోటి. ఎవరైనా కంగారుపడి రక్తపరీక్ష చేయిస్తే, కొన్ని రిపోర్టుల్లో ఫాస్ఫరస్‌కి పెద్దవాళ్ల పరిధి 2.5–4.5 మి.గ్రా./డె.లీ. వేసి, పిల్లల 5.2కి ‘హై’ అని కొడతారు. ఎముక పెరిగే వయసులో 5.2 మామూలే.

భీమవరం_ఫుడ్‌టెక్:
తిండి గురించి అడిగేటప్పుడు పప్పు, బియ్యం లెక్కలు వద్దు. గింజల్లో ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ అనే సరిగా అరగని రూపంలో ఉండి సగం కూడా ఒంటికి పట్టదు. ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా పడుతుంది. లేబుల్ మీద మి.గ్రా. ఉండదు కాబట్టి ఐఎన్‌ఎస్ నంబర్లు (తిండిలో కలిపే పదార్థాల కోడ్‌లు) వెతకండి: 338 నుంచి 341, 450 నుంచి 452. చీజ్ స్లైసులు, నగ్గెట్లు, కేకు మిక్సుల్లో కనిపిస్తాయి.

కోనసీమ_పోషణ:
మరి రొయ్యలు? ఇక్కడ పిల్లలు వారానికి రెండుసార్లయినా తింటారు.

భీమవరం_ఫుడ్‌టెక్:
తలతో అమ్మే పచ్చి రొయ్యకి భయం లేదండీ. ఫ్రీజ్ చేసే ఒలిచిన రొయ్యల్ని కొన్నిచోట్ల సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ (451) నీళ్లలో నానబెడతారు, నీరు పట్టి తూకం నిలుస్తుందని. ఎక్కువ నానితే వేళ్లమధ్య సబ్బులా జారుతుంది, ఉడికాక కూడా గాజులా ఉంటుంది. మీ ఫారంలో ‘తలతో కొన్నదా, ప్యాకెట్టా’ అని ఒక గడి పెట్టండి.

కోలాకి వేరే గడి పెట్టండి. 250 మి.లీ.లో ఫాస్ఫరస్ కొద్దే, చక్కెర మాత్రం 26 గ్రాములకి అటూ ఇటూ. కోలా, ఫాస్ఫేట్ కలిపిన ప్యాకెట్ తిండి ఒకే గడిలో కలిపితే బరువు పెంచింది ఏదో మీకు ఎప్పటికీ తెలియదు.