‘ఉమ్మడి ఎరుక’ అనవచ్చా?

మిత్రులకు నమస్కారం. విమాన భద్రత మీద ఒక శిక్షణ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ‘సిట్యుయేషన్ అవేర్‌నెస్’ దగ్గర కలం ఆగిపోయింది. ‘పరిస్థితి అవగాహన’ అంటే ఏదో ప్రభుత్వ శాఖ జరిపే అవగాహన సదస్సులా ఉంది. ఈ విషయం మీద పరిశోధన చేసిన మైకా ఎండ్స్‌లీ నిర్వచనంలో దీనికి మూడు మెట్లు: చుట్టూ ఉన్నదాన్ని గమనించడం, అర్థం చేసుకోవడం, కాసేపట్లో ఏమవుతుందో ఊహించడం. తర్వాతి అధ్యాయమేమో బృందమంతటికీ కలిపి దీన్ని కొలవడం గురించి. ఏ మాట వాడాలి?

—

‘ఎరుక’ అనండి అమ్మా, బృందానిదైతే ‘ఉమ్మడి ఎరుక’. సంస్కృతంలో అవగాహన అంటే నీళ్లలో మునగడం. మునిగినవాడికి చుట్టూ ఏం కనిపిస్తుంది? ఎరుకలో మీ మూడో మెట్టు కూడా ఉంది. ‘ఎరుక చెబుతానమ్మా’ అంటూ వీధిలోకి వచ్చే ఆమె జరిగిందీ చెబుతుంది, జరగబోయేదీ చెబుతుంది.

—

అందుకే వద్దంటాను మాస్టారూ. పైలట్లు సోది అనుకుని నవ్వుతారు. ‘ఉమ్మడి’తో ఇంకో చిక్కు, అందరికీ అన్నీ తెలియాలన్న అర్థం వస్తుంది.

—

తెలంగాణలో ‘నాకు ఎరుక’ అని రోజూ అంటారు, ఎవరూ నవ్వరు. ఇక ఉమ్మడి కుటుంబంలో మాత్రం అంతా ఉమ్మడేనా? ఎవరి స్వార్జితం వారికి ఉంటుంది కదా.

—

స్వార్జితం మాట బాగా అందించారు మాస్టారూ. పుస్తకం చెప్పేదీ అదే: ఎవరి పనికి కావలసింది వారికి తెలిస్తే చాలు. ఇద్దరి పనికీ అవసరమైనది మాత్రం ఇద్దరికీ ఒకేలా తెలియాలి.

అందులోని ఉదాహరణ 1972 డిసెంబరు 29 రాత్రి, మయామీ దగ్గర కూలిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం. ముందు చక్రం దిగిందని చూపే పచ్చదీపం వెలగలేదు. 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్‌కు అప్పగించి అందరూ ఆ దీపం మీద పడ్డారు. ఎత్తు నిలిపే అమరిక ఎప్పుడు విడిపోయిందో ఎవరూ చూడలేదు. రాడార్ తెర మీద 900 అడుగులని కనిపించిన నేల మీది కంట్రోలర్ ‘అక్కడ పనులెలా సాగుతున్నాయి’ అన్న అర్థం వచ్చేలా అడిగాడు. ఎత్తు మాట ఎత్తలేదు. వెనక్కి తిరిగి వస్తామని పైలట్లు జవాబిచ్చారు. నేలను తాకే ముందు కూడా కో-పైలట్ ‘ఇంకా 2,000లోనే ఉన్నాం కదా’ అనే అన్నాడు. 101 మంది పోయారు. కాలిపోయింది బల్బు మాత్రమే, చక్రం దిగే ఉంది.

—

మరి కొలవడం ఎలాగండీ?

—

సిమ్యులేటర్‌ను ఉన్నట్టుండి ఆపేసి, తెరలన్నీ చీకటి చేసి, ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు: ఇప్పుడు ఎత్తెంత, వేగమెంత, తర్వాత ఏం జరుగుతుంది? జవాబులను ఒకదానితో ఒకటి, ఆపైన యంత్రం నమోదు చేసిన నిజంతోనూ పోల్చుతారు. ఆ రెండో పోలిక లేకపోతే కొలత వ్యర్థం. ఆ రాత్రి కాక్‌పిట్‌లో అడిగి ఉంటే అందరూ 2,000 అనేవారేమో, మాట కలిసినందుకు పూర్తి మార్కులు పడేవి! కాబట్టి ‘ఏకాభిప్రాయం’ పనికిరాదు, ‘ఉమ్మడి ఎరుక’ ఖాయం చేస్తున్నాను. అందరూ కలిసి ఒకే తప్పు నమ్మే స్థితికి మాత్రం ఇంకా పేరు దొరకలేదు.

—

ఉమ్మడి ఏమరుపాటు.