పీనియల్ గడ్డ రిపోర్టులో 14వ క్రోమోజోమ్ లోపం: తమ్ముడికీ పరీక్ష చేయించాలా?

ప్రశ్న: నమస్కారం. మా అక్క కూతురికి 12 ఏళ్లు. తలనొప్పి, వాంతులు, కళ్లు పైకెత్తి చూడలేకపోవడం. స్కాన్‌లో మెదడు మధ్యలో ఉండే పీనియల్ గ్రంథి దగ్గర గడ్డ కనిపించింది. ఇక్కడే హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. పీనియోబ్లాస్టోమా (ఆ గ్రంథిలో పుట్టి వేగంగా పెరిగే క్యాన్సర్), గ్రేడ్ 4 అన్నారు. గడ్డ మీద చేసిన పరీక్షలో డైసర్1 జన్యువులో మార్పు ఉందనీ, 14వ క్రోమోజోమ్‌లో ఒక కాపీ కొంతమేర పోయిందనీ రాశారు. పాప రక్తంలో కారియోటైప్ (క్రోమోజోముల లెక్క, ఆకారం చూసే పరీక్ష) నార్మల్. అక్కాబావలది మేనరికం. అందుకే ఇలా జరిగిందని పెద్దవాళ్లు అంటుంటే అక్క తట్టుకోలేకపోతోంది. నాలుగేళ్ల బాబు కూడా ఉన్నాడు. వాడికేమైనా చేయించాలా? వచ్చే వారం రేడియేషన్ మొదలు.

జవాబు: చెల్లెమ్మా, నేను పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ముందు మేనరికం సంగతి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం రెండుసార్లు వస్తేనే కలిగే జబ్బులకు మేనరికం కారణమవుతుంది. డైసర్1 అలాంటిది కాదు. ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ఎవరి నుంచీ రాకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టినా చాలు. పెద్దవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి.

గడ్డలో కనిపించే క్రోమోజోమ్ మార్పులు చాలావరకు గడ్డలోనే పుడతాయి, ఒంటి నిండా ఉండవు. అదే చోట వచ్చే పాపిల్లరీ ట్యూమర్ అనే మరో రకం గడ్డలో 10వ క్రోమోజోమ్ పోవడం అలాంటిదే. డైసర్1 దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఆ జన్యువు 14వ క్రోమోజోమ్ మీదే ఉంటుంది. చాలాసార్లు ఒక కాపీలో లోపం పుట్టుకతోనే ఉండి, బాగున్న రెండో కాపీ గడ్డలో పోతుంది. మీ రిపోర్టు చూస్తే నాకు ఆ అనుమానమే వస్తోంది.

కారియోటైప్ నార్మల్ అని ఊరుకోకండి. అందులో పెద్ద పెద్ద ముక్కల తేడాలే కనబడతాయి, ఒక్క జన్యువులోని చిన్న మార్పు కనబడదు. రక్తంలో డైసర్1 సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష), దాంతోపాటు డిలీషన్ పరీక్ష (జన్యువులో ముక్క పోయిందేమో చూసేది) అడగండి. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ముందు పాపకే చేయించండి. ఆమె రక్తంలో మార్పు దొరికితే, అక్కకీ బావకీ బాబుకీ ఆ ఒక్కదాని కోసమే చూస్తారు. ఇప్పుడే అందరికీ పెద్ద ప్యానెళ్లు (ఒకేసారి చాలా జన్యువులు చూసే పరీక్షలు) చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు.

బాబు సంగతి వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఈ లోపం ఉన్న చిన్నపిల్లల్లో ఊపిరితిత్తుల్లో తిత్తులు, గడ్డలు వచ్చే అవకాశం ఉంది. ఛాతీ స్కాన్ ఎప్పుడు తీయాలో వాళ్లు చెబుతారు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో థైరాయిడ్ గడ్డలు వచ్చాయా?

ప్రశ్న అడిగినవారు: అక్కకే, అన్నా! పెళ్లికి ముందే మెడ దగ్గర గడ్డలొస్తే ఆపరేషన్ చేశారు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: ఉండొచ్చు. థైరాయిడ్ గడ్డలు ఎంతోమందికి వస్తాయి కాబట్టి అదొక్కటే రుజువు కాదు. కానీ ఆ పాత బయాప్సీ రిపోర్టు వెతికి పట్టుకెళ్లండి. జెనెటిక్స్ డాక్టర్‌కి చాలా పనికొస్తుంది.

మరొకరు: మా వాడికీ అదే చోట గడ్డ. 12వ క్రోమోజోమ్‌లో ఒక భాగం ఎక్కువుందన్నారు. తక్కువ డోసు రేడియేషన్‌తోనే తగ్గింది. మీరూ తగ్గించమని అడగండి.

జవాబు: వద్దండి. మీ బాబుది జెర్మ్ సెల్ రకం (అండం, వీర్యకణాలుగా మారే కణాల నుంచి పుట్టే గడ్డ) అయ్యుంటుంది, 12వ క్రోమోజోమ్ మార్పు వాటిలో తరచూ కనిపిస్తుంది. వాటిలో జెర్మినోమా రేడియేషన్‌కి బాగా లొంగుతుంది. పీనియోబ్లాస్టోమా అలా కాదు. ఈ వయసులో సాధారణంగా మెదడుకీ వెన్నుకీ రేడియేషన్, దానితో కీమో ఇస్తారు. చోటు ఒకటే అయినా జబ్బు వేరు.

చెల్లెమ్మా, రక్త పరీక్ష రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది. దానికోసం రేడియేషన్ వాయిదా వేయొద్దు. గడ్డ మైనపు బ్లాకు (గడ్డ ముక్కను మైనంలో పెట్టి దాచింది) మళ్లీ అడిగే అవకాశం ఉంది, పాథాలజీలో ఉత్తరం ఇచ్చి తెచ్చుకోండి. బ్లాకు మీది నంబరు రిపోర్టులోని నంబరుతో కలిసిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఎండలో కారులో మాత్రం వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది.