అత్తమామలతో కలిసి చూడగలిగే క్రిస్మస్ ప్రేమకథ కావాలి

డిసెంబర్ 24 రాత్రి భోజనాలయ్యాక 8:30కి సినిమా మొదలుపెడితే 10:30కల్లా అయిపోవాలి. 11కి చర్చికి బయల్దేరతాం. అత్తయ్య, మామయ్య, మా ఆయన, నేను, అందరం ఒకే హాల్లో.

నిరుడు ‘లవ్ యాక్చువల్లీ’ (2003) పెట్టాను. పేరున్న సినిమా కదా అని ముందుగా చూసుకోలేదు, అదే నా తప్పు. బట్టల్లేని సీన్లు రాగానే రిమోట్ కోసం వెతుకులాట. మంచినీళ్లకని లేచిన మామయ్య మళ్లీ రాలేదు! మొన్న ఆదివారం ట్రయల్‌గా ‘ది హాలిడే’ (2006) వేశాం. బాగానే ఉంది కానీ నిడివి రెండుంబావు గంటలు దాటింది, సగంలో ఆపేశాం. యాప్ చూపించేవాటిలో ముగింపు పది నిమిషాల్లోనే తెలిసిపోతోంది.

అందరికీ నచ్చింది ఒక్కటే, ‘వైల్ యూ వర్ స్లీపింగ్’ (1995). షికాగో రైలు స్టేషన్‌లో కౌంటర్ దగ్గర పనిచేసే అమ్మాయిని, కోమాలో ఉన్నవాడి ఇంటివాళ్లు కాబోయే కోడలనుకుంటారు. అచ్చం మన సినిమాలా ఉందంది అత్తయ్య. కానీ అది ఇప్పటికే రెండుసార్లు చూసేశాం. ఇంగ్లీషు డైలాగులతో ఇబ్బంది లేదు, పక్కన కూర్చుని నేను చెప్తాను.

ఇలాగే క్రిస్మస్ రోజుల్లో జరుగుతూ, రెండు గంటల్లోపు అయిపోయి, పెద్దవాళ్ల ముందు తల దించుకోనక్కర్లేని ప్రేమకథ ఒక్కటి చెప్తారా?