ఘాట్ ఎక్కేటప్పుడు పాత కారు ఉన్నట్టుండి లాగడం మానేస్తోంది: లోపాన్ని పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2004 నాటి చిన్న పెట్రోలు కారు ఉంది. కార్బురేటర్ కాదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి. నాన్నగారు కొన్నది కావడంతో అమ్మే ఆలోచన లేదు. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రం, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ ఉండదు. మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగాల్సి వస్తుంది, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతుంది కూడా. పక్కన ఆపి కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్టయి వెళ్తుంది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది, చెక్ ఇంజిన్ దీపం వెలగదు. షెడ్డుకు తీసుకువెళ్తే అక్కడ లోపం కనబడదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్ మార్చినా తేడా లేదు. ఇప్పుడు పెట్రోలు పంపు, స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్, సెన్సర్ వరుసగా మార్చి చూద్దామంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు అసలు కారణాన్ని తేల్చుకునే దారి ఉంటే దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఆటో ఎలక్ట్రీషియన్, రాజమహేంద్రవరం)

నమస్కారమండీ. ప్రస్తుతానికి ఏ భాగమూ మార్పించకండి. వచ్చిపోయే లోపం, అది వచ్చిన క్షణంలో కొలిస్తేనే దొరుకుతుంది. షెడ్డులో చల్లగా నిలబడిన బండిలో ఏది కొలిచినా అంతా బాగున్నట్టే కనబడుతుంది. దీపం వెలగలేదన్న మాటను కూడా లెక్కలోకి తీసుకోకండి. లోపాలను బండే కనిపెట్టి దీపం వెలిగించే ఓబీడీ వ్యవస్థ మన దేశంలో కార్లకు తప్పనిసరి అయింది 2010లో, బీఎస్-4 కాలుష్య నిబంధనలతో. మీ కాలపు ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు ప్రెషర్‌ను అసలు గమనించదు కాబట్టి అది పడిపోయినా లోపాన్ని తెలిపే కోడ్ ఏదీ నమోదు కాకపోవచ్చు.

ముందు తేల్చవలసింది లోపం పెట్రోలు వైపా, స్పార్కు వైపా అన్నది. వేడికి, ఇంజిన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్ గాని కాయిల్ గాని దెబ్బతింటే ఇంజిన్ తాళం తిప్పినట్టు టక్కున ఆగుతుంది, లేదా గట్టిగా కుదుపులిస్తూ మిస్ అవుతుంది. పెట్రోలు చాలకపోతే శక్తి నెమ్మదిగా జారిపోతుంది, ఆక్సిలరేటర్ ఎక్కువ తొక్కిన కొద్దీ ఇంకా నీరసిస్తుంది, కాలు కాస్త వెనక్కి తీస్తే కొంత కోలుకుంటుంది. మీరు చెప్పిన తీరు రెండో దానికి దగ్గరగా ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి, అక్కడే కొరత బయటపడుతుంది.

ఇంజెక్టర్ల లైనుకు ప్రెషర్ గేజీ బిగించి, పొడుగు గొట్టంతో ముందు అద్దం బయట వైపర్ కింద కదలకుండా కట్టించండి. గొట్టాన్ని క్యాబిన్ లోపలికి ఎట్టి పరిస్థితుల్లోనూ తేవద్దు, కారేది పెట్రోలు. ఇలాంటి కార్లలో ప్రెషర్ దాదాపు 3 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) ఉండాలి. దానితోపాటు వెనక సీటు కింద పంపు కనెక్టర్ నుంచి ఫ్యూజుతో సహా రెండు వైర్లు లాగి మల్టీమీటర్ లోపల పెట్టుకోండి. దాన్ని పక్క సీట్లో ఉన్నవారే చూడాలి, నడిపేవారు కాదు. ప్రెషర్ పడి వోల్టేజీ నిలకడగా ఉంటే పంపునో, టాంకు లోపల దానికి ఉండే జల్లెడనో అనుమానించాలి. రెండూ పడితే ముందుగా పంపును అనుమానించనక్కరలేదు, దారిలో రిలే (పంపుకు కరెంటు వదిలే స్విచ్చు), కనెక్టర్, ఎర్త్ (కరెంటు బండి రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) ఏదో ఒకటి వోల్టేజీని మింగుతోంది. ప్రెషర్ పడకుండా శక్తి పోతే అప్పుడు స్పార్కు వైపు వెళ్దాం.

ఒక్క జాగ్రత్త. ఎత్తు మీద ఇంజిన్ ఆగిపోతే బ్రేకుకు వాక్యూమ్ సాయం ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు బలమంతా పెట్టి తొక్కండి, పదేపదే వదిలి తొక్కవద్దు. చక్రాల కింద పెట్టడానికి రెండు దుంగలు బండిలో ఉంచుకోండి.

సమాధానం (హైదరాబాద్)

గేజీ బిగించేలోగా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బండి నీరసించినప్పుడు పక్కకు ఆపి, ఇంజిన్ ఆపేసి, టాంకు మూత తిప్పండి. గాలి లోపలికి గట్టిగా పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి బాగుపడితే టాంకుకు గాలి ఆడే దారి మూసుకుపోయిందన్నమాట. పంపు జల్లెడ సంగతీ మరిచిపోకండి. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత టాంకుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. ఆ మడ్డి బయటి ఫిల్టర్ కంటే ముందు టాంకు లోపలి జల్లెడకే చేరుతుంది కనుక మీరు బయటి ఫిల్టర్ మార్చినా ఫలితం లేకపోవచ్చు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మూత తీసి చూశాము, తేడా రాలేదు. తరువాత మెకానిక్ గేజీ బిగించారు, మీటరు మా తమ్ముడు చూశాడు. కింద ప్రెషర్ 3 బార్, పంపు దగ్గర 13.2 వోల్టులు. ఘాట్‌లో నీరసం మొదలయ్యేసరికి ప్రెషర్ 2 కంటే దిగువకు పడింది, వోల్టేజీ 10.6 అయింది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 13.9 ఉంది. ఇప్పుడు ఎక్కడ వెతకాలి?

సమాధానం (ఆటో ఎలక్ట్రీషియన్, రాజమహేంద్రవరం)

3.3 వోల్టులు దారిలో పోతున్నాయి, అది చాలా ఎక్కువ. లోపం ఉన్నప్పుడే మీటరు ఒక వైరును పంపు ఎర్త్ పిన్నుకు, రెండోదాన్ని బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి చూడండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ వైపే వెతకాలి. దాటకపోతే రిలే, ఫ్యూజు పెట్టె వైపు వెళ్లండి.

ప్రశ్న వేసినవారు

ఎర్త్ వైపే 2.9 వోల్టులు చూపించింది. వెనక సీటు కింద ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు పట్టి, టెర్మినల్ నల్లబడి ఉంది. రేకును మెరిసేదాకా గీకించి, కొత్త టెర్మినల్ వేయించాము. ఇప్పుడు అక్కడ 0.1 వోల్టే పోతోంది, నిన్న ఏసీ వేసుకునే అనంతగిరి దాకా ఎక్కాము, ప్రెషర్ కదలలేదు.

సమాధానం (ఆటో ఎలక్ట్రీషియన్, రాజమహేంద్రవరం)

చాలా సంతోషమండీ. తుప్పు పట్టిన జాయింటు వేడెక్కిన కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. కాసేపు ఆపితే బండి బాగుపడటానికి కారణం అదే. మిగిలింది ఒక్క పని. క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పంపు లాగే కరెంటు చూపించండి. 4 నుంచి 7 ఆంపియర్ల మధ్య ఉంటే ఇక ముట్టుకోనక్కరలేదు. 10 దాటితే మాత్రం పంపు బిగుసుకుపోతున్నట్టే, వదిలేస్తే ఆ కొత్త టెర్మినల్ కూడా మాడిపోతుంది. గీకిన చోట కాస్త గ్రీజు రాయించండి.