మోటార్‌హోమ్, నాలుగు సైకిళ్లు, ఏప్రిల్ చివర్లో పీక్ డిస్ట్రిక్ట్: ర్యాక్ బరువు, కరెంటు, దారులు (చర్చ)

ఓరుగల్లు_రైడర్:
ఏప్రిల్ చివరి వారానికి అద్దె మోటార్‌హోమ్ (లోపలే పడుకుని వండుకునే ఇల్లులాంటి బండి) తీసుకున్నాం. 3,500 కేజీల బండి, నాలుగు బెర్తులు, వెనక సైకిల్ ర్యాక్ ఉంది. పెద్దవాళ్లం ఇద్దరం, పిల్లలు ఇద్దరు. మావి రెండు ఈ-బైకులు, పిల్లలవి మామూలు 20 అంగుళాల సైకిళ్లు. ఇంగ్లండ్‌లోని కొండ ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్ ఖాయం. అక్కడివే కాట్స్‌వోల్డ్స్, లేక్ డిస్ట్రిక్ట్ కూడా కలిపేయమని కొందరంటున్నారు. ర్యాక్ మీద నాలుగూ పడతాయా? పిల్లలతో ఎక్కడ తొక్కొచ్చు? వంట సంగతేంటి? లెక్కలతో సహా చెప్పగలిగితే బాగుంటుంది.

డెర్వెంట్_గట్టు:
మూడూ కలపొద్దండి. మోటార్‌హోమ్‌ని ఒకచోట నుంచి ఇంకోచోటికి కదిపితే సగం రోజు పోతుంది. కరెంటు కేబుల్ తీయాలి, వాడిన నీళ్లు వదలాలి, టాయిలెట్ క్యాసెట్ ఖాళీ చేయాలి, సామాన్లు అల్మరాల్లో సర్దాలి, సైకిళ్లు ర్యాక్‌కి బిగించాలి. అక్కడికి చేరాక ఇదంతా మళ్లీ వెనక్కి. సైకిళ్లు తెచ్చుకునేదే బండిని కదపకుండా ఊళ్లు చూడటానికి. ఆష్‌బోర్న్, పార్స్లీ హే మధ్య ఎక్కడైనా మూడు రాత్రులు, బేక్‌వెల్ దగ్గర మూడు రాత్రులు చాలు.

పిల్లలున్నారు కాబట్టి పాత రైలు కట్టలే మీకు సరైనవి. ఆవిరి ఇంజన్ల కోసం వేసిన దారులు కనుక ఏటవాలు చాలా తక్కువ, కార్లు ఉండవు.

టిస్సింగ్టన్ ట్రెయిల్: ఆష్‌బోర్న్ నుంచి పార్స్లీ హే దాకా 13 మైళ్లు. పార్స్లీ హే వైపు మొత్తం మీద ఎక్కుడు. అందుకే పొద్దున్న ఆష్‌బోర్న్‌లో మొదలుపెట్టండి, అలిసిపోయిన పిల్లలకి తిరుగు దారి తేలిక. పార్స్లీ హే దగ్గర బండి ఆపి కిందికి దిగడం మొదలుపెడితే సాయంత్రం ఎక్కుడు మిగులుతుంది. చాలామంది చేసేది ఇదే.

మోన్సాల్ ట్రెయిల్: బేక్‌వెల్ నుంచి బక్స్‌టన్ వైపు బ్లాక్‌వెల్ మిల్ దాకా 8.5 మైళ్లు. 1968లో మూసేసిన మిడ్‌ల్యాండ్ రైలు మార్గమిది. సొరంగాలు 2011లో తెరిచారు. వాటిలో పెద్దవి ఒక్కోటి 400 మీటర్ల పైమాటే. లోపల లైట్లుంటాయి గానీ చీకటి పడే వేళకి ఆరిపోతాయి. సైకిల్ లైట్లు తప్పనిసరి, పిల్లలకి ఒక పల్చటి జాకెట్టు కూడా. ఎండలోంచి సొరంగంలోకి వెళ్లగానే చలి ఒక్కసారిగా కొడుతుంది.

హై పీక్ ట్రెయిల్ కూడా బాగుంటుంది, కాకపోతే క్రోమ్‌ఫర్డ్ వైపు మిడిల్‌టన్ టాప్ దాటి దిగొద్దు. అక్కడి వాలు 1:8, అంటే ఎనిమిది అడుగులకి ఒక అడుగు దిగుడు. వ్యాగన్లని తాళ్లతో లాగిన చోటది, పిల్లల సైకిల్ బ్రేకులు ఆగవు.

స్పానర్:
ర్యాక్ లెక్క చెప్తాను. ముందు ర్యాక్ మీద స్టిక్కర్ చూడండి, పరిమితి సాధారణంగా 50 లేదా 60 కేజీలు. నాలుగు సైకిళ్లకి పట్టాలున్నంత మాత్రాన నాలుగిటి బరువు మోస్తుందని కాదు.

ఈ-బైకు ఒక్కోటి 25 కేజీలు అనుకుందాం. బ్యాటరీ తీస్తే 22. రెండూ కలిపి 44. పిల్లలవి ఒక్కోటి 10 వేసుకున్నా మొత్తం 64. అంటే 60 కేజీల ర్యాక్ కూడా దాటిపోయింది.

అసలు గొడవ ర్యాక్‌తో ఆగదు, ఇరుసు దగ్గర మొదలవుతుంది. ర్యాక్ వెనక ఇరుసుకి సుమారు 2 మీటర్లు బయట ఉంటుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లనుకోండి. అక్కడ 60 కేజీలు వేలాడదీస్తే వెనక ఇరుసు మీద పడేది 60 కాదు, 60 × 6 ÷ 4 = 90 కేజీలు. ఆ ఎక్కువైన 30 ముందు ఇరుసు మీంచి తగ్గుతాయి. ఈ బళ్లు ఎక్కువగా ఫ్రంట్ వీల్ డ్రైవ్. ముందు తేలికైతే తడి గడ్డి మీద చక్రం ఊరికే తిరుగుతుంది, ఎక్కుడులో స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది.

ఇంజన్ దగ్గరో తలుపు అంచునో ఉండే ప్లేట్ మీద మొత్తం బరువు, ముందు ఇరుసు, వెనక ఇరుసు పరిమితులు విడివిడిగా ఉంటాయి. మొత్తం 3,500 లోపే ఉండి వెనక ఇరుసు ఒక్కటే దాటడం మామూలే. కంపెనీ చెప్పే బండి బరువులో డ్రైవర్‌కి 75 కేజీలు, 90 శాతం ఇంధనం కలిసి ఉంటాయి. మిగతా మనుషులు, బియ్యం, సైకిళ్లు అన్నీ మీరు కలపాల్సినవే. నింపుకున్నాక దారిలో పబ్లిక్ వేబ్రిడ్జి మీద ఒకసారి తూయించండి. బరువు దాటితే మొదట తగ్గించాల్సింది నీళ్లు: 100 లీటర్లంటే 100 కేజీలు. 20 లీటర్లతో బయల్దేరి క్యాంప్‌సైట్‌లో నింపుకోండి.

పల్నాటి_చక్రం:
ర్యాక్ స్టిక్కర్ అంత పట్టించుకోనక్కర్లేదండి. రెండు రాచెట్ స్ట్రాపులు అదనంగా బిగిస్తే నాలుగు కేజీల తేడా ఏం చేస్తుంది?

స్పానర్:
స్ట్రాపు సైకిల్ ఊగకుండా చూస్తుంది, బరువు మోయదు. బరువంతా వెనక గోడలో నాలుగైదు బోల్టుల మీద. ఆ గోడ రెండు పల్చటి షీట్ల మధ్య ఫోమ్. రోడ్డు గుంతలో పడ్డప్పుడల్లా బోల్టు రంధ్రం కొంచెం సాగుతుంది, సీలెంట్ విడుతుంది, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. అద్దె బండి అయితే డిపాజిట్ పోతుంది, సొంతదైతే గోడ కుళ్లుతుంది. పిల్లల సైకిళ్లు రెండూ లోపలే పెట్టండి: ముందు చక్రం తీసి, హ్యాండిల్ తిప్పి, పాత దుప్పటి చుట్టి, బండి నడిచేటప్పుడు కదలకుండా కట్టేసి.

బిగించే వరస: ఎక్కువ బరువున్నది గోడకి దగ్గరగా. రెండోది హ్యాండిల్ ఎదురు దిక్కుకి. లోపలి వైపు పెడల్ విప్పేయండి, లేకపోతే అది పక్క సైకిల్ ఫ్రేముని గీకుతూనే ఉంటుంది. రెండు ఫ్రేముల మధ్య పైపులకి చుట్టే ఫోమ్ ముక్కలు పెట్టండి. బయల్దేరిన 20 మైళ్లకి ఆపి అన్ని క్లాంపులూ మళ్లీ బిగించాలి, మొదటి కుదుపులకి కచ్చితంగా వదులవుతాయి. వెనక్కి వెళ్లి నిలబడి చూడండి: నంబర్ ప్లేటు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు కనిపించాలి. చక్రం అడ్డొస్తే లైట్లున్న బోర్డు పెట్టి దాని మీద నంబర్ వేయాలి. సైకిల్ కవరు హైవే మీద వద్దు, గాలికి తెరచాప అవుతుంది.

లీడ్స్_తెలుగు:
రోడ్డు గురించి. బండి ఎత్తు అడుగుల్లో కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. 2.9 మీటర్లంటే 9 అడుగుల 6 అంగుళాలు. వంతెన బోర్డు చూసిన క్షణంలో మీటర్లని అడుగుల్లోకి మార్చుకోలేరు. ఊళ్లలో కార్ పార్కులకి ఎత్తు అడ్డుకర్రలుంటాయి, చాలావాటి కింద మోటార్‌హోమ్ పట్టదు. '6 అడుగుల 6 అంగుళాల వెడల్పు' బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగడమే. బండి ఒళ్లే 2.3 మీటర్లు, అద్దాలు వేరే. ఫోన్ మ్యాప్‌కి ఇవేవీ తెలియవు, వాహనం కొలతలు ఇచ్చుకునే శాట్‌నావ్ (దారి చూపే పరికరం) వాడండి.

కాసిల్‌టన్ దగ్గర విన్నట్స్ పాస్ వైపు బండి తీసుకెళ్లొద్దు, ఏటవాలు 20 శాతం. లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్, రైనోజ్ పాస్‌లు మోటార్‌హోమ్‌కి పనికిరావు. హార్డ్‌నాట్ మీద 1:3 దాకా ఉంది.

వేగం: బండి ఖాళీ బరువు 3.05 టన్నుల లోపు ఉంటే కారుకున్న పరిమితులే. దాటితే సింగిల్ క్యారేజ్‌వే (మధ్యలో డివైడర్ లేని రోడ్డు) మీద 50, డ్యూయల్ (డివైడర్ ఉన్నది) మీద 60, మోటర్‌వే మీద గంటకి 70 మైళ్లు.

ఇంకోటి. బెర్తులు నాలుగంటే బెల్టు సీట్లు నాలుగున్నాయని కాదు, అడిగి రాయించుకోండి. పిల్లలు 12 ఏళ్లు లేదా 135 సెంటీమీటర్లు, ఏది ముందొస్తే అప్పటిదాకా చైల్డ్ సీటు కావాలి. పక్కకి తిరిగి ఉండే సీట్ల మీద అది బిగించకూడదు.

గుంటూరు_గరిటె:
వంటకి ముందు కరెంటు లెక్క తెలియాలి. క్యాంప్‌సైట్ హుకప్ (బండికిచ్చే కరెంటు కనెక్షన్) 10 లేదా 16 ఆంపియర్లు. 10 అంటే 2,300 వాట్లు. హీటర్ కరెంటు మీద 1,800 దగ్గర పెట్టి 700 వాట్ల రైస్ కుక్కర్ ఆన్ చేస్తే 2,500, ట్రిప్ అయిపోతుంది. వంట చేసే అరగంటా హీటర్‌ని గ్యాస్‌కి మార్చుకోండి. ఇంట్లో వాడే 3,000 వాట్ల కెటిల్ తేవద్దు. మన 750 వాట్ల మిక్సీ హుకప్ మీద హాయిగా నడుస్తుంది, ఇక్కడి ప్లగ్గు అడాప్టర్ ఉంటే చాలు. చౌక ఇన్వర్టర్ మీద మాత్రం తిప్పకండి, మోటారు వేడెక్కుతుంది.

ఇడ్లీ పిండి ఇంట్లోనే పులియబెట్టి తీసుకెళ్లండి. ఏప్రిల్ రాత్రి చలికి బండిలో పిండి పొంగదు. కందిపొడి, నువ్వుల పొడి, వేయించిన పులిహోర పోపు సీసాలో ఉంటే పొయ్యి పని సగం తగ్గుతుంది. తాలింపు వేసేటప్పుడు పైకప్పు కిటికీ, పొయ్యి పక్క కిటికీ రెండూ తెరవండి. మిరపకాయ ఘాటుకి పొగ అలారం మోగుతుంది, ఆవిరి రాత్రికి గోడల మీద తేమగా దిగుతుంది. అలారం తీసి పక్కన పెట్టే పని మాత్రం చేయొద్దు. పొయ్యి వేడిగా ఉండగా గాజు మూత మూయకండి, పగులుతుంది.

డెర్వెంట్_గట్టు:
ఈ-బైకు బ్యాటరీల గురించి కూడా. 500 వాట్-అవర్ బ్యాటరీని బండి బ్యాటరీ మీంచి ఇన్వర్టర్‌తో నింపితే నష్టాలతో కలిపి దాదాపు 590 లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో పాడవకుండా వాడగలిగేది సగం, అంటే 600. ఒక్క బైకుకే అయిపోయింది, లైట్లకి మిగల్లేదు. మీకు రెండున్నాయి, అందుకే హుకప్ ఉన్న సైట్ తీసుకోండి. బ్యాటరీలు రాత్రి లోపలే ఉంచండి. సున్నా కంటే చల్లగా ఉన్న లిథియం బ్యాటరీని ఛార్జింగ్‌లో పెట్టకూడదు.

స్పానర్:
చలి మాట వచ్చింది కాబట్టి: పగలు 15 డిగ్రీలున్నా ఏప్రిల్ చివర్లో ఆ ఎత్తులో రాత్రి మంచు పేరుకోవచ్చు. ట్రూమా కాంబి హీటర్ (గదినీ నీళ్లనీ వేడి చేసేది) ఉన్న బళ్లలో ఒక వాల్వు ఉంటుంది. దాని చుట్టూ సుమారు 3 డిగ్రీలకి పడితే బాయిలర్ నీళ్లన్నీ తనంతట తాను కింద పారబోస్తుంది. పొద్దున్నే బండి కింద మడుగు చూసి ట్యాంకు పగిలిందని కంగారు పడకండి. ముందు హీటర్ వేసి లోపల వేడెక్కనివ్వండి. వాల్వు దగ్గర 7 డిగ్రీలు దాటితేనే దాన్ని చేత్తో మళ్లీ మూయగలరు, అంతకుముందు ఎంత నొక్కినా నిలవదు. రాత్రంతా హీటర్ తక్కువలో వదిలేస్తే ఈ బాధ ఉండదు. గ్యాస్ సిలిండర్ ప్రొపేన్ అడగండి, ఎర్రది. బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కాదు, సిలిండర్ నిండా ఉన్నా పొయ్యి వెలగదు.

ఓరుగల్లు_రైడర్:
అందరికీ ధన్యవాదాలు. పిల్లల సైకిళ్లు లోపలే పెడతాం. రెండు సందేహాలు. గడ్డి మీద స్థలం చౌకగా ఉంది, తీసుకోవచ్చా? రైలు కట్టలు కాకుండా పొలాల మధ్య కాలిబాటల్లో తొక్కొచ్చా?

లీడ్స్_తెలుగు:
వాన పడితే గడ్డి వద్దు, హార్డ్‌స్టాండింగే (గట్టి నేల ఉన్న స్థలం) తీసుకోండి. గడ్డే దొరికితే, బయటికి వచ్చేటప్పుడు బండి పల్లం వైపు దిగేలా ఆపండి. ముందు చక్రాల కింద మొదటి రోజే గ్రిప్ మ్యాట్లు వేసి ఉంచండి, కూరుకున్నాక వాటిని దూర్చడం కష్టం. ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కొద్దు, తొక్కేకొద్దీ గొయ్యి. సైకిళ్లు దింపేసి, రెండో గేరులో, క్లచ్ మెల్లగా.

హుకప్ లేకపోయినా పర్వాలేదనుకుంటే క్యాంపింగ్ క్లబ్బుల కింద ఐదు బళ్లకే అనుమతి ఉన్న చిన్న పొలం సైట్లు ఉంటాయి, ప్రశాంతంగా ఉంటాయి. రోడ్డు పక్క ఖాళీ జాగాలో రాత్రి పడుకోవడం మాత్రం వద్దు. ఇంగ్లండ్‌లో ప్రతి జాగాకీ యజమాని ఉంటాడు, అనుమతి కావాలి.

డెర్వెంట్_గట్టు:
కాలిబాటలకి బాణం రంగు చూడండి. పసుపు బాణం నడిచేవాళ్లకి మాత్రమే, సైకిల్‌కి హక్కు లేదు. నీలం బాణం బ్రైడిల్‌వే (గుర్రాలూ వెళ్లే బాట): 1968 చట్టం నుంచి సైకిళ్లకి అనుమతి ఉంది, కానీ గుర్రాలకీ నడిచేవాళ్లకీ దారివ్వాలి. మీరు గుర్రం వెనక నుంచి దాని దగ్గరికి వస్తుంటే దూరంగానే గొంతెత్తి పలకరించండి. గంట కొడితే కొన్ని బెదురుతాయి. ముదురు ఊదా, ఎరుపు బాణాల దారుల్లోనూ తొక్కొచ్చు. ఈ దారులన్నీ ఓఎస్ (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) ఎక్స్‌ప్లోరర్ ఓఎల్24 మ్యాప్‌లో ఉన్నాయి, 1:25,000 స్కేలు. కొండల్లో సిగ్నల్ పోతుంది, కాగితం మ్యాపే కొనండి.

బ్రైడిల్‌వే అంటే చదును అనుకోకండి. ఏప్రిల్‌లో గేటు దగ్గర పశువులు తొక్కిన బురద మడమ లోతు ఉంటుంది. 20 అంగుళాల సైకిళ్లతో పిల్లల్ని అటు తీసుకెళ్లొద్దు. గొర్రె పిల్లలు పుట్టే కాలం కూడా, గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి: మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి. రైలు కట్టల మీద సున్నపురాయి పొడి తడిస్తే చైనుకి పేస్టులా అంటుకుంటుంది. సాయంత్రం గుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి.

పొదల్లో, ఎండు ఫెర్న్ ఆకుల్లో కూర్చుంటే పేలలాంటి టిక్ పురుగులు పట్టుకుంటాయి. రాత్రి స్నానమప్పుడు పిల్లల మోకాళ్ల వెనక, చంకలు, జుట్టు అంచు చూడండి. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి తలని పట్టుకుని నిదానంగా నిటారుగా లాగాలి, నలపకూడదు. తర్వాత వారాల్లో అక్కడ వలయంలా ఎర్రబడితే డాక్టర్‌ని కలవండి.

పల్నాటి_చక్రం:
బోల్టుల సంగతి అర్థమైందండి, స్ట్రాపుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రయాణం ఒక్క వారం జరిపితే మే మొదటి సోమవారం బ్యాంక్ హాలిడే (అందరికీ సెలవు) తగులుతుంది, సైట్లు ముందే నిండిపోతాయి. నీలి గంటపూలు (బ్లూబెల్స్) మాత్రం ఏప్రిల్ చివరి నుంచి మే సగం దాకా ఉంటాయి కాబట్టి మీ తేదీలకి దొరకొచ్చు, ఎత్తు ప్రాంతాల్లో కాస్త ఆలస్యంగా పూస్తాయి. అడవిలో బాట దిగి వాటి మీద సైకిల్ ఎక్కించకండి, ఆకు నలిగితే ఆ దుంప మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.